నోట్లో వేలు, నిద్రలో గంటలు



యువనాశ్వుడనే రాజుకు సంతానం లేదు. రాణి కోసం మునులు మంత్రించి పెట్టిన నీళ్లను, అర్ధరాత్రి దాహానికి తాళలేక తానే తాగేశాడు. గర్భం ఆయనకే నిలిచింది. నెలలు నిండాక రాజు పక్కను చీల్చుకొని మగబిడ్డ పుట్టాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాలివ్వడానికి తల్లి లేదు. అప్పుడు ఇంద్రుడు వచ్చి తన చూపుడువేలు ఆ పసివాడి నోట్లో పెట్టాడు. ఏడుపు ఆగింది. ఆ బిడ్డే మాంధాత. భారతంలోనూ భాగవతంలోనూ ఉన్న కథ ఇది. ఇంద్రుడి వేలి మహిమ సంగతి అలా ఉంచుదాం. ఏడ్చే పసిబిడ్డకు నోట్లో వేలు ఎంత ఊరటో ఆ కథ చెప్పినవాళ్లకు బాగా తెలుసు. మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడి పటం మన ఇళ్లలో ఎన్ని గోడల మీద లేదు! కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్న ఆ పసివాడికి పొద్దున్నే దండం పెట్టిన ఇంట్లోనే, నాలుగేళ్ల మనవడు చేతి బొటనవేలు నోట్లో పెట్టుకుంటే మాత్రం "ఛీ, తియ్యి" అంటూ చేతి మీద ఒకటి పడుతుంది.

నేను పిల్లల దంతవైద్యురాలిని. "డాక్టరుగారూ, మావాడు వేలు చీకుతున్నాడు, పళ్లు ఎత్తుగా వచ్చేస్తాయా?" అన్న ప్రశ్న నాకు కొత్త కాదు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. రెండు ప్రశ్నలు తిరిగి అడుగుతాను. వయసెంత? రోజులో ఎన్ని గంటలు? మొదటిదానికి జవాబు ఠక్కున వస్తుంది. రెండోదానికి చాలామంది తల్లిదండ్రులు తడబడతారు. ఎన్నిసార్లు తిట్టారో చెప్పగలరు గాని, వేలు నోట్లో ఎంతసేపు ఉంటుందో ఎవరూ గమనించి ఉండరు. నిజానికి పళ్ల భవిష్యత్తు తేలేది ఆ గంటల దగ్గరే.

మొదట వయసు సంగతి. వేలు చప్పరించడం బిడ్డ ఈ లోకంలోకి వచ్చి నేర్చుకున్న అలవాటు కాదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో, క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెప్పర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గర్భిణుల స్కానింగులు చూస్తూ, 15వ వారం నుంచే గర్భంలోని శిశువు బొటనవేలు నోట్లో పెట్టుకోవడం గమనించారు. ఎక్కువమంది కుడిచేతి వేలే పెట్టుకున్నారు. అలా చూసిన వాళ్లలో 75 మందిని, పదీ పన్నెండేళ్ల వయసు వచ్చాక మళ్లీ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. కడుపులో కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతివాటం వాళ్లే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మందిది ఎడమచేతివాటం. పుట్టడానికి ఎంతో ముందే మొదలైన పనిని పట్టుకొని "ఈ పాడు అలవాటు ఎవరు నేర్పారు?" అని కోడలి వంక చూసే అత్తగారికి నేను ఈ లెక్కే చెబుతుంటాను.

పుట్టిన బిడ్డకు చప్పరించడం బతుకుతెరువు. పెదవికి ఏది తగిలినా తల అటు తిప్పి నోరు తెరుస్తుంది, అందిన దాన్ని చప్పరిస్తుంది. ఆకలి తీరాక కూడా ఆ కోరిక కొంత మిగిలే ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఉంచే వార్డుల్లో, మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం తీసేటప్పుడు బిడ్డ నోటికి చప్పరించడానికి ఏదైనా అందిస్తారు. నొప్పి తాలూకు ఏడుపు తగ్గుతుందని వైద్యులకు తెలుసు. అంటే చప్పరింపు పసిబిడ్డకు తనను తాను ఓదార్చుకునే మొదటి సాధనం. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు, కరెంటు పోయినప్పుడు, కొత్త మనుషులు ఎత్తుకున్నప్పుడు బిడ్డ దగ్గర ఉన్నది అదొక్కటే.

కాబట్టి ఏడాది బిడ్డ, రెండేళ్ల బిడ్డ వేలు చీకుతుంటే పళ్ల డాక్టరుగా నాకు ఏ బెంగా లేదు. చాలామంది పిల్లలు రెండేళ్లకూ నాలుగేళ్లకూ మధ్య తమంతట తామే మానేస్తారు. మాటలు వస్తాయి, ఆటలు వస్తాయి, చేతులకు వేరే పని దొరుకుతుంది. మూడేళ్లు దాటినా జోరు తగ్గకపోతే మాత్రం ఒకసారి పిల్లల దంతవైద్యులకు చూపించాలి. నాలుగేళ్లు దాటాక ఇంకా రాత్రంతా సాగుతుంటే ఊరుకోకూడదు. ఆరేడేళ్లకు కింది ముందుపళ్లు, ఏడెనిమిదేళ్లకు పై ముందుపళ్లు శాశ్వతమైనవి వస్తాయి. ఆలోపు మానేస్తే చాలా నష్టం దానంతట అదే సర్దుకుంటుంది. ప్రకృతి మనకిచ్చిన ఈ రెండు మూడేళ్ల గడువును తిట్లతో, బెదిరింపులతో వృథా చేసుకోవడమే నాకు బాధ కలిగించేది.

ఇక గంటల సంగతి. పన్ను ఎముకలో గట్టిగా పాతుకొని ఉంటుంది, వేలితో కదులుతుందా అని అనుమానం రావచ్చు. పన్ను నేరుగా ఎముకకు అతుక్కొని ఉండదు. సన్నని పీచుల పొర ఒకటి దాన్ని ఎముక గూట్లో పట్టి ఉంచుతుంది. ఒక వైపుకు ఒత్తిడి ఆగకుండా పడుతుంటే ఆ వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది, పన్ను జరుగుతుంది. క్లిప్పులు వేసి మేము పళ్లను సరిచేసేది ఈ సూత్రం మీదే. ఇక్కడ ఒత్తిడి ఎంత గట్టిది అన్నదానికంటే ఎంతసేపు ఉంది అన్నదే ముఖ్యం. గట్టిగా ఉన్నా క్షణకాలం ఉండే ఒత్తిడిని పన్ను లెక్కచేయదు. లేకపోతే జంతికలు, చెరకుగడలు కొరికే పళ్లన్నీ ఎప్పుడో జరిగిపోయేవి. మెత్తటి ఒత్తిడైనా రోజులో సుమారు 6 గంటలు నిలిస్తే పన్ను కదలడం మొదలుపెడుతుంది. దంతక్రమం చదువుకున్న డాక్టర్లందరికీ తెలిసిన లెక్క ఇది.

ఇప్పుడు మీ ఇంట్లో చూడండి. పగలు పది నిమిషాలు టీవీ ముందు వేలు నోట్లో పెట్టుకొని, మీరు పిలవగానే తీసేసి పరుగెత్తే పిల్లాడి పళ్లకు దాదాపు ఏమీ కాదు. పగలంతా ఒక్కసారైనా నోట్లో వేలు పెట్టకుండా, రాత్రి తొమ్మిదింటికి పడుకున్నది మొదలు తెల్లారేదాకా వేలు తీయని పాప సంగతి వేరు. ఆ పాపను ఎవరూ తిట్టరు, ఎందుకంటే ఎవరూ చూడరు. నాకు భయం ఆ పాప గురించే. నాలుగైదేళ్ల పిల్లలు పది గంటలకు పైగా నిద్రపోతారు. అందుకే తల్లిదండ్రులను ఒక పని చేయమంటాను. వారం రోజులు బిడ్డను ఏమీ అనకండి. నిద్రపోయాక ఒకసారి, మీరు పడుకోబోయే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వస్తే ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. వేలు నోట్లో ఉందా, జారిపోయిందా రాసిపెట్టండి. ఆ కాగితం నాకు ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది.

వేలు నోట్లో గంటల తరబడి ఉంటే లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. బొటనవేలు పై ముందుపళ్ల వెనక ఆని, వాటిని పెదవి వైపు తోస్తుంది. అదే వేలు కింది ముందుపళ్ల మీద ఆని వాటిని నాలుక వైపు ఒరిగిస్తుంది. పైపళ్లు ముందుకు, కిందిపళ్లు వెనక్కు. మనం ఎత్తుపళ్లు అనేది ఈ తేడానే. వేలు అడ్డుగా ఉన్నంత మేర ముందుపళ్లు ఒకదాన్నొకటి చేరేంత కిందికి దిగవు. దవడలు మూసినా ముందు ఒక సందు మిగిలిపోతుంది. కొందరు పిల్లల్లో ఆ సందు ఒక పక్కకు ఎక్కువగా ఉంటుంది. ఏ చెయ్యి, ఏ వేలు అన్నది ఆ సందు చూసి ఊహించవచ్చు.

ఇదంతా బయటికి కనిపించేది. కనిపించనిది అంగిలి. నోరు మూసుకొని ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకొని ఉండాలి. స్లాబు పోశాక కింద సెంట్రింగ్ ఎలా కాస్తుందో, ఎదిగే వయసులో పై దవడను నాలుక అలా కాస్తుంది. వేలు లోపలికి వస్తే నాలుక కిందికి దిగిపోతుంది. లోపలి నుంచి ఆసరా పోతుంది. చప్పరించేటప్పుడు బుగ్గల కండరాలు బిగుసుకుంటాయి కదా, అవి పక్కల నుంచి పై దవడను లోపలికి నొక్కుతాయి. వెడల్పుగా ఎదగాల్సిన దవడ ఇరుకవుతుంది, అంగిలి పైకి లోతుగా వెళుతుంది. మామూలుగా పై దంతాల వరస కింది వరస కంటే కొంచెం వెడల్పుగా, బయటి వైపు ఉంటుంది. ఇరుకైన పై దవడలో పక్కపళ్లు కిందిపళ్లకు లోపలి వైపు పడతాయి. బిడ్డ నమలడానికి దవడను ఒక పక్కకు జరపడం అలవాటు చేసుకుంటుంది. ముందు సందు, వేలు మానేశాక చాలామందిలో మూసుకుపోతుంది. ఈ పక్కపళ్ల తేడా మాత్రం తనంతట తాను సర్దుకోవడం అరుదు. దీనికి వైద్యం కావాలి. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనే పెద్దవాళ్లకు నా మనవి ఒక్కటే. పళ్లు ఊడిపోతాయి, దవడ ఊడిపోదు. శాశ్వత దంతాలు రావాల్సింది ఆ దవడలోకే.

మా దగ్గరికి వచ్చిన పిల్లల నోరు చూసే ముందు నేను చేతులు చూస్తాను. వేలు చీకే పిల్లల్లో ఒక వేలు మిగతావాటికంటే శుభ్రంగా, తెల్లగా, నానినట్టు ముడతలు పడి ఉంటుంది. ఏళ్ల తరబడి సాగితే కణుపు మీద కాయ కాస్తుంది. గోటి చుట్టూ చర్మం వాచి చీము పట్టడమూ ఉంది. ఐదేళ్ల బిడ్డ ఆ చెయ్యి వెనక్కు దాచుకుంటే, ఇంట్లో దాని గురించి ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందుపళ్లు కలవని బిడ్డ జామకాయ కొరకలేదు. దోసె, పూరీ పక్కపళ్లతో లాగి తెంపుకుంటుంది. తినడం ఆలస్యమవుతుంది, "వీడికి తిండి మీద ధ్యాసే లేదు" అనిపించుకుంటుంది. మింగేటప్పుడు ఆ సందు మూయడానికి నాలుక ముందుకు వస్తుంది. రోజులో వందలసార్లు మింగుతాం. వేలు మానేశాక కూడా కొందరిలో ఆ సందు అలాగే ఉండిపోవడానికి ఈ నాలుక తోపుడు ఒక కారణం. మాట కూడా మారుతుంది. స, శ పలకడానికి నాలుక పళ్ల వెనక ఆగాలి. అది సందులోంచి బయటికి వస్తే "సెలవు" అన్నది "తెలవు" అని వినిపిస్తుంది. ఆరేడేళ్లప్పుడు పాలపళ్లు ఊడి మాట జారడం అందరికీ ఉన్నదే, దానికి కంగారు పడనక్కర్లేదు. కొత్త పళ్లు వచ్చాక కూడా జారుతుంటే చూపించాలి.

ఎత్తుపళ్లకు ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని అందం సమస్యగా మాత్రమే చూడకూడదని చెప్పడానికి ఇదే పెద్ద కారణం. పైపళ్లు కిందిపళ్ల కంటే 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉంటే, పడినప్పుడు పళ్లకు దెబ్బ తగిలే అవకాశం సుమారు రెట్టింపు. సైకిలు నేర్చుకునే వయసు, బడి మెట్ల మీద ఒకరినొకరు తోసుకునే వయసు అదే. సందర్భం వచ్చింది కాబట్టి అందరూ గుర్తుంచుకోవలసిన మాట ఒకటి చెబుతాను. శాశ్వత దంతం మొత్తంగా ఊడి కింద పడితే, పైభాగం పట్టుకొని తీయండి, వేరు ముట్టుకోకండి, రుద్ది కడగకండి. చల్లని పాలలో వేసి గంటలోపు దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎంత త్వరగా వెళితే అంత మంచిది, తిరిగి నిలబెట్టవచ్చు. పాలపన్నును అలా తిరిగి పెట్టరు.

అయితే ప్రతి ఎత్తుపన్నుకూ వేలే కారణం అనుకోకండి. తండ్రి దవడ, మేనత్త దవడ వారసత్వంగా వస్తాయి. ముక్కు వెనక కండ పెరిగి, టాన్సిల్స్ వాచి, ఎప్పుడూ నోటితో గాలి పీల్చే పిల్లల్లోనూ పై దవడ ఇరుకవుతుంది. గురక పెట్టే బిడ్డను, నోరు తెరిచి నిద్రపోయే బిడ్డను ముక్కు చెవి గొంతు డాక్టరుకు కూడా చూపించాలి. వేలు మానిపించినంత మాత్రాన అది తగ్గదు.

మురికి సంగతి కూడా చాలామంది అడుగుతారు. నేల మీద ఆడిన చెయ్యి నోట్లోకి వెళితే నులిపురుగులు వస్తాయన్న భయం నిజమైనదే. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10న ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పించకండి, గోళ్లు పొట్టిగా ఉంచండి. ఇదే విషయంలో న్యూజిలాండ్ నుంచి ఒక ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది. డ్యునెడిన్ నగరంలో 1972, 73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చిన్నప్పుడు వేలు చీకడం గానీ గోళ్లు కొరకడం గానీ లేని పిల్లల్లో, 13 ఏళ్ల వయసులో చర్మ పరీక్ష చేస్తే 49 శాతం మందికి ఏదో ఒకదానికి అలర్జీ స్పందన కనిపించింది. రెండు అలవాట్లూ ఉన్నవాళ్లలో అది 31 శాతమే. 32 ఏళ్లప్పుడు చూసినా ఆ తేడా నిలిచి ఉంది. ఉబ్బసంలో మాత్రం తేడా లేదు. ఇది విని వేలు చీకించమని నేను చెప్పడం లేదు, ఆ పరిశోధకులూ చెప్పలేదు. వేలు నోట్లో పెట్టిన బిడ్డను చూసి విషం తింటున్నంత హడావుడి అక్కర్లేదని మాత్రం తెలుస్తుంది.

ఆ హడావుడి మన దగ్గరే కాదు, అంతటా ఉండేది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైన్రిక్ హాఫ్‌మన్ అనే వైద్యుడు తన మూడేళ్ల కొడుకు కోసం 1844లో ఒక బొమ్మల పుస్తకం తయారుచేశాడు. మరుసటి ఏడాది అచ్చయింది. అందులో వేలు చీకే పిల్లవాడి రెండు బొటనవేళ్లనూ దర్జీ వచ్చి పెద్ద కత్తెరతో కత్తిరించేస్తాడు. తరతరాల పిల్లలు ఆ బొమ్మ చూసి వణికారు. అమెరికాలో పిల్లల వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894 నాటి తన పుస్తకంలో, నిద్రలో చేతులు కట్టెయ్యమనీ మొండికేస్తే మోచేతులకు అట్ట చుట్టమనీ సలహా ఇచ్చాడు. 1905లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఈ చప్పరింపును పసితనపు లైంగికతకు ఉదాహరణగా చూపాడు. ఆ సిద్ధాంతాలు పలచబడి ఇంటింటికీ చేరేసరికి "తల్లి సరిగా పాలివ్వలేదు, ప్రేమ చాలలేదు" అనే నిందగా మారాయి. 1946లో పిల్లల వైద్యుడు బెంజమిన్ స్పాక్ పుస్తకం వచ్చాక గాని, బిడ్డ చేతులు కట్టకండి, చప్పరించాలన్న కోరిక సహజమైనదే అన్న మాట తల్లులకు గట్టిగా వినిపించలేదు. తల్లిపాలు ఎక్కువకాలం తాగిన పిల్లల్లో ఈ అలవాటు కాస్త తక్కువగా కనిపిస్తుందన్నది నిజం. దాన్ని పట్టుకొని వేలు చీకే ప్రతి బిడ్డ తల్లినీ దోషిగా నిలబెట్టడం అన్యాయం. నా ముందు కూర్చొని కళ్లు తుడుచుకునే తల్లులకు ఈ మాట నేను చెప్పి తీరతాను.

మన ఇళ్లలో చేసే వైద్యాల గురించి గట్టిగా చెప్పాలి. వేలికి కారం రాయకండి. నిద్రలో ఆ చేత్తో కన్ను నులుముకుంటే బిడ్డ పడే బాధ ఊహించండి. వేపనూనె మంచిదే కదా అని సీసా తీస్తారు. వేపనూనె మందుగా తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వేలికి రాసేది చుక్కే అయినా, రోజూ నోట్లోకి వెళ్లేదానికి ఆ నూనె వద్దు. చేదు పూత కావాలంటే పిల్లల కోసమే తయారైనది డాక్టరును అడిగి వాడండి. అది కూడా బిడ్డకు చెప్పి, బిడ్డ ఒప్పుకున్నాకే. వేలు మానిపించాలని తేనెలో ముంచిన పాలపీక ఇవ్వడం ఇంకా ప్రమాదం. పాలపళ్లు వరసగా పుచ్చిపోతాయి, ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది పదిమందిలో ఎగతాళి. పెళ్లిలో, పేరంటంలో "ఇంత పిల్లవి, ఇంకా వేలేంటే" అని నవ్వడం. అమెరికాలో ఉన్న మనవరాలిని వీడియో కాల్‌లో చూసి, బాగున్నావా అనేముందే "వేలు తియ్యి" అనడం. అమ్మమ్మలూ తాతయ్యలూ ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. బిడ్డ లోపల జరిగేది వేరు. సిగ్గు, భయం కలిగినప్పుడు ఓదార్పు కోసం చెయ్యి వెళ్లేది నోటి వైపే. తిట్టినకొద్దీ వేలు దుప్పటి కిందికి, చీకట్లోకి వెళుతుంది. గంటలు పెరుగుతాయి.

మరి ఏం చేయాలి? మొదట వేలు ఎప్పుడు నోట్లోకి వెళుతుందో చూడండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడా, బస్సులో విసుగు పుట్టినప్పుడా, ఫోనులో బొమ్మలు చూస్తున్నప్పుడా, తమ్ముడికి పాలు పడుతున్నప్పుడా? విసుగుకు మందు చేతికి పని. చపాతీ పిండి ముద్ద, బఠాణీలు ఒలవడం, పూసలు గుచ్చడం. తమ్ముడు పుట్టాక మొదలైతే దానికి మందు రోజూ కాసేపు ఆ పెద్దబిడ్డకే కేటాయించిన అమ్మ ఒడి. కొందరు పిల్లలకు వేలు ఒక్కటే రాదు, అమ్మ పాత చీర చెంగో, దుప్పటి అంచో రెండో చేతిలో ఉండాలి. ఆ గుడ్డ చేతికి అందితే వేలు దానంతట అదే నోట్లోకి వెళుతుంది. అలాంటప్పుడు రెండు చేతులతో పట్టుకోవలసిన మెత్తటి బొమ్మను పక్కలో పెట్టడం బాగా పనిచేస్తుంది.

తర్వాత బిడ్డతో మాట్లాడండి. నాలుగైదేళ్ల పిల్లలకు చెబితే అర్థమవుతుంది. అద్దం ముందు నిలబెట్టి పళ్లు చూపించి, "నీ పెద్దపళ్లు వచ్చే చోటు ఇదే, వాటికి దారి ఇద్దామా?" అనండి. వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి. గోడ మీద క్యాలెండరు పెట్టి, వేలు పెట్టని ప్రతి రాత్రికీ తెల్లారగానే అమ్మ బొట్టుబిళ్లల అట్టలోంచి ఒకటి తీసి బిడ్డ చేతే అంటించనివ్వండి. బిళ్ల పడని రోజు ఏమీ అనకండి. వారం నిండితే చిన్న బహుమతి ఇవ్వండి, చాక్లెట్ కాకుండా ఇంకేదైనా. నిద్రలో తెలియకుండా వెళ్లే వేలికి గుర్తు చేయడానికి బొటనవేలికి మెత్తని ప్లాస్టరు వేయవచ్చు, చేతికి పల్చటి నూలు సాక్సు తొడగవచ్చు, చేతుల చివర మూసి ఉండే పొడుగు చొక్కా కుట్టించవచ్చు. మోచేయి చుట్టూ క్రేప్ బ్యాండేజీ వదులుగా చుడితే, నిద్రలో చెయ్యి వంచినప్పుడు కాస్త బిగిసి వేలు జారిపోతుంది. బిగించి కట్టకూడదు, వేళ్లు చల్లబడితే వెంటనే విప్పేయాలి. ఇవేవీ శిక్షలు కావని బిడ్డకు తెలియాలి. సాయంత్రం బిడ్డే ఆ సాక్సు తెచ్చి "తొడుగమ్మా" అంటే, సగం పని అయిపోయినట్టే.

ఇవన్నీ ఓపికగా చేసినా ఆరేడేళ్లకు ఆగకపోతే, బిడ్డకు మానాలనే ఉన్నా నిద్రలో వల్ల కాకపోతే, అప్పుడు మేము నోట్లో ఒక చిన్న సాధనం అమరుస్తాం. పై వెనకపళ్లకు రింగులు బిగించి, ముందుపళ్ల వెనక తీగ అల్లికతో అడ్డు కడతాం. వేలు అంగిలికి ఆనదు, చప్పరింపులో సుఖం పోతుంది. మొదటి కొద్ది రోజులు లాలాజలం ఎక్కువగా వస్తుంది, మాట తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది. వేలు ఆగాక కూడా కనీసం ఆరు నెలలు దాన్ని ఉంచుతాం, లేకపోతే అలవాటు తిరిగి వస్తుంది. 1991లో అమెరికాలోని కెంటకీలో దంతవైద్యులు ఇంకో రకం ప్రకటించారు. అందులో తీగ మీద తిరిగే చిన్న పూస ఉంటుంది. నాలుక దాన్ని తిప్పుతూ ఆడుకుంటుంది, వేలిని మరిచిపోతుంది. అడ్డు పెట్టడం కంటే నోటికి ఆట ఇవ్వడం నాకు ఎక్కువ నచ్చుతుంది. దవడ ఇరుకైపోయి ఉంటే దాన్ని వెడల్పు చేసే సాధనాలూ ఉన్నాయి, ఎదిగే వయసులో అవి బాగా పనిచేస్తాయి. ఒక్క మాట, బిడ్డకు చెప్పకుండా, ఒప్పించకుండా ఏ సాధనమూ పెట్టించకండి. బలవంతంగా పెట్టిన తీగను వంచేసిన పిల్లలు ఉన్నారు.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? హైదరాబాదు, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో పిల్లల దంతవైద్య విభాగాలు ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో దారి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. ఆ వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. వాళ్లు వచ్చిన రోజు బిడ్డ నోరు కూడా చూడమని అడగండి. దంత సమస్యలు ఆ పరీక్షల్లో భాగమే, అవసరమైతే వాళ్లే పై ఆసుపత్రికి పంపిస్తారు. వెళ్లేటప్పుడు ఆ వారం రోజులు మీరు రాసిన రాత్రి గంటల కాగితం తీసుకెళ్లడం మరిచిపోకండి.